“గేటు పడింది, గేటు పడింది” అని స్కూల్లో అరుస్తున్నాడు. ఏం చెప్పాలనుకుంటున్నాడో అర్థం కావట్లేదు

చిన్నోడి_అమ్మ
మావాడికి ఐదేళ్ళ నాలుగు నెలలు. మూడో ఏట ఆటిజం అని తేలింది. మాటలున్నాయి కానీ మనతో మాట్లాడే మాటలు కావు, విన్నది విన్నట్టు అప్పజెప్పేస్తాడు. స్కూళ్ళు తెరిచినప్పటి నుంచి క్లాసులో ఉన్నట్టుండి “గేటు పడింది, గేటు పడింది” అని అరుస్తూ పక్క పిల్లల్ని తోసేస్తున్నాడట. నిన్న ఒక పాపకి మోచెయ్యి గీసుకుపోయింది. మిస్ నన్ను పిలిపించి “అర్థం పర్థం లేకుండా అరుస్తుంటే మిగతా ముప్పై మందికి పాఠం ఎలా చెప్పనండీ” అంది. స్కూలు గేటు వాడి క్లాసుకి చాలా దూరం. పైగా పగలంతా తెరిచే ఉంటుంది. ఇంటికొచ్చాక “ఏ గేటు నాన్నా?” అంటే “గేటు పడిందా?” అని నన్నే అడుగుతాడు. అలా అనొద్దని నయానా భయానా చెప్పాను. మొన్న విసుగొచ్చి చెయ్యి చేసుకున్నాను కూడా. వాడు ఏడవలేదు, చెవులు మూసుకున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఇలాంటిది ఎవరైనా చూశారా?

గోదారి_అమ్మమ్మ
ఏడవకమ్మా. మాటలు ఆలస్యమైన పిల్లలకి మా రోజుల్లో వస అరగదీసి తేనెలో నాకించేవాళ్ళం. మా పెద్దాడికి నాలుగో ఏట దాకా మాట లేదు, ఇప్పుడు వసపిట్టే.

కాకతీయ_నాన్న
అమ్మమ్మా, వాళ్ళ బాబుకి మాటలు రాకపోవడం కాదు సమస్య. వచ్చిన మాటకి అర్థం మనకి తెలియకపోవడం.

సుధ_స్పీచ్
విశాఖలో పద్నాలుగేళ్ళుగా స్పీచ్ థెరపిస్టుని. ముందు వస సంగతి: దయచేసి పోయొద్దు. మోతాదు కాస్త మించినా పిల్లలకి వాంతులవుతాయి, దానివల్ల మాటలూ రావు. మాట ఆలస్యమైతే ముందు చేయించాల్సింది బేరా టెస్టు, అంటే వినికిడి సరిగ్గా ఉందో లేదో చూడటం.

ఇక చిన్నోడి అమ్మగారికి. విన్న మాటని మళ్ళీ మళ్ళీ అనడాన్ని ఎకోలాలియా అంటారు. ఒకప్పుడు మా చదువుల్లో కూడా దీన్ని పనికిమాలిన అలవాటుగా చూసి మాన్పించమనేవారు. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. చాలామంది ఆటిజం పిల్లలు భాషని విడివిడి పదాలుగా కాక ముక్కలు ముక్కలుగా, మొత్తం వాక్యంగా పట్టుకుంటారు. ఆ వాక్యంతో పాటు అది విన్న చోటు, అక్కడి వాసన, ఎండ, భయం, సంతోషం అన్నీ కలిసే ఉంటాయి. మా దగ్గరికి వచ్చే ఒక పాప బయటికి వెళ్ళాలనిపించినప్పుడల్లా “టికెట్ టికెట్, చిల్లర ఇవ్వండి” అంటుంది. ఆర్టీసీ బస్సంటే దానికి ప్రాణం. “చిల్లర ఇవ్వండి” అంటే డబ్బులని కాదు, “నన్ను తీసుకెళ్ళు” అని.

కాబట్టి మూడు సంగతులు కనుక్కోండి. “గేటు పడింది” అన్నమాట వాడు మొట్టమొదట ఎక్కడ విన్నాడు? అప్పుడు వాడికి ఎలా ఉంది? స్కూల్లో ఆ మాట అనడానికి సరిగ్గా ముందు క్షణంలో ఏం జరుగుతోంది? అన్న తర్వాత ఏం జరిగిందో మిస్ చెబుతుంది. ముందు ఏం జరిగిందో మాత్రం మీరే అడిగి రాబట్టాలి.

కాకతీయ_నాన్న
సుధ మేడమ్ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మావోడు “డాక్టర్ సారు వచ్చిండు” అంటే కడుపు నొప్పి అని. మూడేళ్ళప్పుడు వాంతులయి గ్లూకోజ్ ఎక్కించిన్రు, అప్పుడు నర్సు అన్న మాట అది. మాకు తెలిసేటాళ్ళకి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా వాడు నొప్పి అని చెప్తనే ఉన్నడు, మేమేమో “ఏ డాక్టరూ రాలేదురా” అని నచ్చజెప్పుకుంట ఉన్నం. గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటది.

లక్ష్మి_మియాపూర్
నాదో డౌటు. మా పాపకి నాలుగేళ్ళు. నీళ్ళు కావాలంటే గ్లాసు పట్టుకొచ్చి “నీళ్ళు కావాలా అమ్మా?” అని నన్ను అడుగుతుంది. నేను “నాకొద్దు తల్లీ” అంటే కింద పడి దొర్లుతుంది. ఇది కూడా అదేనా?

సుధ_స్పీచ్
అదే. మీరు నీళ్ళిచ్చేటప్పుడు ఏమంటారు? “నీళ్ళు కావాలా అమ్మా” అనే కదా. నీళ్ళు వచ్చే ముందు వినబడే మాట అది, అదే తీసుకుంది. పాప తప్పేం లేదు, మనం ఎప్పుడూ ప్రశ్నలతోనే మాట్లాడతాం. ఇక మీదట గ్లాసు అందిస్తూ పాప అనాల్సిన మాటే మీరు అనండి: “నీళ్ళు కావాలి.” “ఆకలేస్తోందా?” బదులు “ఆకలేస్తోంది.” తెలుగులో మనకి ఇదొక గొప్ప వెసులుబాటు. నేను, నువ్వు అనకుండానే వాక్యం నిలబడుతుంది. చివర ప్రశ్నలో వచ్చే “ఆ” ఒక్కటి తీసేస్తే ప్రశ్న కాస్తా కోరిక అయిపోతుంది. రోజుకి ఇరవైసార్లు అనే అవకాశం వస్తుంది, ప్రయత్నించండి.

లక్ష్మి_మియాపూర్
ఇంత చిన్న విషయం ఏడాదిన్నర థెరపీలో ఎవరూ చెప్పలేదు నాకు.

విజయవాడ_వెంకట్
నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. ఇదంతా ఫోన్ల వల్లే వచ్చింది. పుట్టిన దగ్గర్నుంచీ చేతిలో ఫోన్ పెట్టి అన్నం తినిపిస్తే పిల్లలు ఇలా అవ్వక ఏమవుతారు? ముందు అది లాక్కోండి.

పంతులు_పల్నాడు
వెంకట్ గారూ, లియో కానర్ అనే డాక్టరు పదకొండు మంది పిల్లల్ని చూసి ఆటిజం గురించి మొదటిసారి వివరంగా రాసింది 1943లో. అప్పుడు ఏ ఫోనుంది? ఆ పిల్లల్లో కూడా కొందరు విన్న మాటే తిరిగి అనేవారని, తమని “నువ్వు” అనుకునేవారని ఆయన రాశారు. ఫోను తగ్గించడం మంచిదే, మనతో గడిపే టైము పెరుగుతుంది. కానీ ఆటిజం ఫోన్ వల్ల రాలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు తల్లి ప్రేమగా ఉండకపోవడమే కారణమని ప్రపంచమంతా తల్లుల్ని ఆడిపోసుకుంది. అదీ తప్పని తేలింది. ఇప్పుడు ఆ నింద ఫోను రూపంలో మళ్ళీ వాళ్ళ మీదే పడుతోంది.

చిన్నోడి_అమ్మ
పంతులు గారూ, ఈ ఒక్క మాట మా ఇంట్లో చదివి వినిపిస్తాను.

నిశ్శబ్దం_ఇష్టం
నేను ఆటిస్టిక్‌ని. వయసు 31, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. 27 ఏళ్ళ దాకా నాకే తెలియదు. తల్లిదండ్రులు చదువుతారని కాస్త వివరంగా రాస్తున్నాను.

మాకు మాటలు రావడం కష్టం అంటారు. మీ మాటలు అర్థం చేసుకోవడం ఎంత కష్టమో ఎవరూ అడగరు. తెలుగువాళ్ళు అసలు సంగతి నేరుగా చెప్పరు. నాకు ఆరేళ్ళప్పుడు మా మావయ్య సెలవులకొచ్చి, బయల్దేరేటప్పుడు నా బుగ్గ గిల్లి “వెళ్ళొస్తానురా” అన్నాడు. వస్తానన్నాడు కదా అని గేటు దగ్గర నిలబడ్డాను. దీపాలు పెట్టే వేళయింది. అమ్మ లోపలికి లాక్కెళ్తుంటే గేటు ఊచ పట్టుకుని ఏడ్చాను. మొండిపిల్లాడని పేరొచ్చింది. “వెళ్తాను” అనకూడదు, అశుభం, అందుకని “వెళ్ళొస్తాను” అంటారని నాకెవరూ చెప్పలేదు. ఇంకోసారి నాయనమ్మ “బియ్యం నిండుకున్నాయి” అంది. నేను డబ్బా మూత తీసి చూస్తే అడుగు కనబడుతోంది. నాయనమ్మ అబద్ధం చెప్పిందని భయం వేసింది. “ఒక్క నిమిషం ఆగు” అంటే అరవై లెక్కపెట్టేవాణ్ణి. అరవై ఒకటి రాగానే నా గుండె దడదడలాడేది.

ఇంకో విషయం, కళ్ళలోకి చూడమని బలవంతం చెయ్యకండి. నేను మీ కళ్ళు చూస్తుంటే మీ మాట వినబడదు. పక్కకి తిరిగి ఉన్నప్పుడే బాగా వింటాను.

ఆటిజం మీద పరిశోధన చేసే, తానూ ఆటిస్టిక్ అయిన డేమియన్ మిల్టన్ 2012లో ఒక వ్యాసం రాశారు. అర్థం కాకపోవడం రెండువైపులా ఉంటుంది, మేము మీకు అర్థం కానట్టే మీరూ మాకు అర్థం కారు అని. అది చదివిన రోజు ఆఫీసుకి సెలవు పెట్టాను.

గోదారి_అమ్మమ్మ
నాయనా, నీ గేటు సంగతి చదివి కళ్ళు చెమర్చాయి. మా మనవడు కూడా మేం బస్సెక్కేటప్పుడు ఏడుస్తాడు. ఇక మీదట “అమ్మమ్మ ఊరికి వెళ్తోంది, సంక్రాంతికి వస్తుంది” అనే చెబుతాను. అశుభం ఏమీ లేదులే.

రాణి_కర్నూలు
“నోరు మూసుకో” అంటే మా పాప అరచేత్తో నోరు మూసుకుని అలాగే కూర్చునేది. తియ్యమని చెప్పేదాకా తియ్యదు. ఆ మాట మా ఇంట్లో మానేసి నాలుగేళ్ళయింది.

డల్లస్_నాన్న
మాది ఇంకో రకం. బాబుకి రెండున్నరేళ్ళప్పుడు ఇక్కడ ఒక థెరపిస్టు “రెండు భాషలు గందరగోళం, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి” అంది. భయపడి తెలుగు ఆపేశాం. నా ఇంగ్లీషు ఆఫీసు ఇంగ్లీషు, పిల్లాణ్ణి ముద్దు చేసే ఇంగ్లీషు నాకు రాదు. ఇంట్లో మాటలే తగ్గిపోయాయి. మా అమ్మ ఆరు నెలలుండటానికి వచ్చి, వాడితో ఏం మాట్లాడాలో తెలియక ఊరికే తల నిమురుతూ కూర్చునేది. తర్వాత మారిన థెరపిస్టే చెప్పింది, రెండు భాషల వల్ల ఆటిజం పిల్లలకి నష్టం లేదని పరిశోధనల్లో తేలిందని. మళ్ళీ మొదలుపెట్టాం. ఇప్పుడు ఆరేళ్ళు, “మోర్ దోశ, కారప్పొడి వద్దు” అంటాడు. నాకది చాలు.

సుధ_స్పీచ్
డల్లస్ నాన్నగారి మాట అందరూ గుర్తుపెట్టుకోండి. ఇక్కడ హైదరాబాద్, విజయవాడల్లో కూడా ఇంగ్లీషు మీడియం కోసం “ఇంట్లో తెలుగు వద్దు” అనేవాళ్ళున్నారు. తల్లికి ప్రేమగా వచ్చే భాషేదో అదే పిల్లాడి భాష.

చిన్నోడి_అమ్మ
ఒక విషయం తెలిసింది, చెయ్యి వణుకుతోంది టైప్ చేస్తుంటే. సుధ గారు అడిగిన మొదటి ప్రశ్న మావారిని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. మే నెలలో వాణ్ణి బండి మీద మా అత్తగారి ఊరు తీసుకెళ్తుంటే దారిలో రైల్వే గేటు వేశారట. “అబ్బా, గేటు పడిందిరా” అన్నారట ఈయన. గేటు పడుతూ గంట మోగుతోంది, నడినెత్తిన ఎండ, వెనక బస్సు వాడు హారన్. తర్వాత గూడ్సు, అది పోయాక ఇంకో రైలు. ఇరవై నిమిషాలు. వీడు గుక్కపట్టి ఏడ్చి నిక్కరు తడిపేసుకున్నాడట. జనం చూస్తున్నారని ఈయన గద్దించారట. నాకు చెప్తే నేను బాధపడతానని దాచారు.

మరి స్కూల్లో ఏ రైలు ఉంది?

పంతులు_పల్నాడు
అమ్మా, స్కూల్లో గంట ఏ రకం? మా బళ్ళో రైలు పట్టా ముక్క వేలాడదీసి ఇనప కడ్డీతో కొడతాం. దగ్గరుంటే పెద్దవాళ్ళకే చెవులు గింగిర్లెత్తుతాయి.

చిన్నోడి_అమ్మ
అయ్యో. ఈ ఏడు యూకేజీ గది మార్చారు. వరండా చివర గది. రేపు వెళ్ళి చూస్తాను.

విజయవాడ_వెంకట్
రేపు ఏం తేలిందో తప్పకుండా రాయండి మేడమ్. పంతులు గారూ, మీరు చెప్పింది చదివాను. నాకు తెలియని సంగతి అది.

కాకతీయ_నాన్న
మధ్యలో ఒకటి అడుగుత. మా థెరపీ సెంటర్ల, మాటకి బదులు పిల్లలు చూపించే బొమ్మల కార్డులు మొదలుపెడ్తమంటున్నరు. కార్డులు అలవాటైతే వచ్చే మాటలు కూడా రావని మా అన్న అంటున్నడు. నాకూ అదే టెన్షన్.

రాణి_కర్నూలు
మా పాపకి పదకొండేళ్ళు, మాటలు లేవు. కార్డులు వచ్చాకే అది మనిషి అని మా చుట్టాలకి తెలిసింది, అంత కఠినంగా చెబుతున్నాను. మొదట కొన్న సెట్‌లో నీళ్ళ కార్డు మీద గాజు జగ్గు బొమ్మ ఉంది. రెండు నెలలైనా దాన్ని ముట్టుకోలేదు. మా ఇంట్లో గాజు జగ్గు ఎక్కడిది? దాని స్టీలు గ్లాసు, అడుగున మా మామగారి పేరు చెక్కి ఉంటుంది, ఫోన్‌లో ఫొటో తీసి ప్రింటు వేయించి అట్టకి అంటించాను. మూడో రోజున తెచ్చి నా చేతిలో పెట్టింది. కాబట్టి మీ ఇంటి వస్తువుల ఫొటోలే వాడండి. ఇంకొకటి, అందరూ ముందు తిండి కార్డులు చేస్తారు. నేనైతే ముందు “వద్దు” కార్డు చెయ్యమంటాను. అంతకుముందు వద్దనడానికి దాని దగ్గరున్నది ఒక్కటే, చెయ్యి కొరుక్కోవడం. మణికట్టు మీద ఇప్పటికీ కాయ ఉంది. వద్దు కార్డు ఇచ్చిన మొదటి వారం అన్నిటికీ వద్దు అంది, అన్నానికి, స్నానానికి, నాకు కూడా. అన్నీ ఒప్పుకున్నాను. కొరుక్కోవడం తగ్గింది. ఇప్పుడు ట్యాబ్‌లో, బొమ్మ నొక్కితే మాట పలికే, చెన్నైలో తయారైన ఆవాజ్ యాప్ వాడుతోంది.

సుధ_స్పీచ్
కాకతీయ నాన్నగారూ, కార్డులు, యాప్‌లు మాటలకి అడ్డం కావు. ఇప్పటిదాకా జరిగిన పరిశోధనలు చెప్పేది అదే, కొందరిలో మాటలు కాస్త పెరిగాయి కూడా. అడగ్గానే ఇచ్చేస్తే మాట రాదని వస్తువు పైన దాచి ఏడిపించే పద్ధతి మాత్రం నాకు నచ్చదు.

కాకతీయ_నాన్న
అక్కడ నేను పూర్తిగా ఒప్పుకోను మేడమ్. మావోడు “బిస్కెట్” అన్నది మేం కొంచెం ఆగినందుకే.

సుధ_స్పీచ్
ఆగడం వేరు, ఏడిపించడం వేరు. ఆగమనే నేనూ చెబుతాను. ఒక మాట అన్నాక మనసులో పది లెక్కపెట్టండి. మనం “అన్నం తిన్నావా, ఏం కూర, ఎవరు పెట్టారు” అని గుక్కతిప్పుకోకుండా అడిగేస్తాం. మొదటి ప్రశ్నకి వాడు జవాబు వెతుక్కునేలోపు మూడోది పడుతుంది.

కాకతీయ_నాన్న
సరే, ఆ లెక్క ఒప్పుకుంటున్న. కార్డులకి రేపే ఒప్పుకుంట.

లక్ష్మి_మియాపూర్
ఒక సెంటర్‌లో స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కిస్తే మాటలు వస్తాయి, నాలుగు లక్షలు అన్నారు. మావారు లోన్ అడుగుతున్నారు. ఎవరైనా చేయించారా?

సుధ_స్పీచ్
చేయించకండి. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్సను సిఫారసు చెయ్యలేమని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. స్పీచ్ థెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ ఎవరైనా సరే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది, మీకు దగ్గరే. ముందు అక్కడ చూపించండి. ఆ లోన్ మాత్రం వద్దమ్మా.

చిన్నోడి_అమ్మ
వెళ్ళొచ్చాను. పంతులు గారు చెప్పినట్టే రైలు పట్టా ముక్క. మావాడు కూర్చునే కిటికీకి నాలుగడుగుల దూరం. కిటికీ బయట పొద్దున్నంతా నిలబడ్డాను. ఆయా కడ్డీ పట్టుకుని వరండాలో కనబడగానే వాడు లేచాడు. “గేటు పడింది” అన్నాడు. ఇంకా గంట కొట్టలేదు! గుమ్మం వైపు పరుగెత్తబోయాడు. దారిలో ఇద్దరు పిల్లలు కూర్చుని ఉన్నారు, వాళ్ళని తోశాడు. అప్పుడు మోగింది గంట. మిస్ దృష్టిలో వాడు ఏమీ జరగకుండానే అరిచాడు. గంట మోగబోతోందని వాడు ముందే అందరికీ చెబుతున్నాడు.

రోజుకి ఎనిమిదిసార్లు మోగుతుందది.

నిశ్శబ్దం_ఇష్టం
చాలా తెలివైన పిల్లాడు. తనకి తెలిసిన మాటల్లో సరైనదే ఎంచుకున్నాడు. చోటు మార్పించండి. చెవులకి శబ్దం తగ్గించే మఫ్స్ ఇవ్వండి. వీలైతే ఆయాతో పాటు వెళ్ళి ఒకసారి వాడి చేత్తోనే మెల్లగా కొట్టనివ్వండి. నాకు మిక్సీ అంటే ప్రాణం పోయేది, స్విచ్ నా చేతిలో పెట్టాక భరించగలిగాను.

సుధ_స్పీచ్
చివర వేరే మాట కూడా కావాలి. గేటు ఎప్పుడూ పడే ఉండదు కదా. గంట ఆగగానే “గేటు ఎత్తారు” అనండి.

పంతులు_పల్నాడు
స్కూలు వాళ్ళు తీసేస్తామంటే బెదరకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, గుర్తింపు ఉన్న ఏ బడీ దాన్ని కారణంగా చూపి పిల్లాణ్ణి కాదనకూడదు. సదరం సర్టిఫికెట్, అంటే ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధృవీకరణ పత్రం, లేకపోతే స్లాట్ బుక్ చేసుకోండి. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం ఉంటే అక్కడి టీచరుని ఒకసారి స్కూలుకి రమ్మనండి, తోటి టీచరు చెబితే వింటారు.

డల్లస్_నాన్న
పెళ్ళిళ్ళకి కూడా మఫ్స్ పనికొస్తాయి. మేం ఇండియా వచ్చినప్పుడు జీలకర్ర బెల్లం వేళకి గట్టిమేళం అంటారని తెలుసు కాబట్టి, ముందే వాణ్ణి బయటికి తీసుకెళ్ళి వంటల దగ్గర బూందీ దూయడం చూపిస్తూ నిలబడ్డాను. ఆ పెళ్ళిలో వాడు బాగా ఆనందించింది అదే.

చిన్నోడి_అమ్మ
పది రోజుల తర్వాత రాస్తున్నాను. చోటు మార్చారు. మఫ్స్‌కి మొదట ఒప్పుకోలేదు, మిగతా పిల్లలు అడుగుతారని. ఆ మోచెయ్యి గీసుకున్న పాప వాళ్ళమ్మే హెచ్ఎంతో మాట్లాడి ఒప్పించింది. ఆవిడకి నేను ఏమిచ్చినా తక్కువే. ఆయా గంటకి ముందు వాడికి కడ్డీ చూపించి “గంట” అని వెళ్తోంది. తోయడం రెండుసార్లే జరిగింది. “గేటు ఎత్తారు” అని ఇంకా తనంతట అనలేదు, నేనంటే మాత్రం నా నోటి వంక చూస్తున్నాడు.

నిన్న సాయంత్రం మా నాన్నకి బాగోలేదని ఫోనొస్తే వంటింట్లో కూర్చుని ఏడుస్తున్నాను. వచ్చి నా మోకాలి మీద చెయ్యేసి “గేటు పడిందా?” అన్నాడు. ఇన్నాళ్ళూ అది చిలకపలుకు అనుకున్నాను. “పడింది నాన్నా” అన్నాను. పక్కనే కూర్చున్నాడు.

గోదారి_అమ్మమ్మ
మీ నాన్నగారికి ఎలా ఉందమ్మా?

చిన్నోడి_అమ్మ
ఇవాళ నయం అమ్మమ్మా, ఇంటికి తెచ్చారు.

కొత్తగా_చేరాను
మొత్తం చదివాను. మా బాబుకి ఆరేళ్ళు. వారం రోజుల నుంచి అన్నం ముందు కూర్చుంటే చాలు “పాల ప్యాకెట్ చిరిగింది, పాల ప్యాకెట్ చిరిగింది” అంటున్నాడు. ముద్ద ముట్టడు. ఎక్కడ మొదలుపెట్టాలి?

చిన్నోడి_అమ్మ
ప్యాకెట్ చిరిగిన రోజు ఇంట్లో ఎవరు ఎవరి మీద అరిచారన్నా?